దొరసానుల పేరున బానిసలు: అమెరికా బానిసత్వం, ఆడవాళ్లు, కుటుంబాలు

#1 కాగితంపురుగు

పది రోజులుగా ఒకే పుస్తకంతో కుస్తీ పడుతున్నాను. బర్కిలీలో చరిత్ర పాఠాలు చెప్పే స్టెఫనీ జోన్స్-రాజర్స్ 2019లో తెచ్చిన పరిశోధన అది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసల్ని కొన్నదీ అమ్మిందీ కొరడా పట్టిందీ అంతా మగవాళ్లేనని నేను అనుకుంటూ వచ్చాను. దొరసాని అంటే మేడ మీద కూర్చుని కుట్టుపని చేసుకుంటూ, మొగుడి పాపాలకు లోలోపల కుమిలిపోయే ఇల్లాలు. నా బుర్రలో ఉన్న ఆ బొమ్మను ఈవిడ చింపి పారేసింది.

ఆవిడ చెప్పేది క్లుప్తంగా ఇదీ. అక్కడి తల్లిదండ్రులు కొడుకులకు భూములు ఇచ్చేవారు, కూతుళ్లకు ఎక్కువగా మనుషుల్ని ఇచ్చేవారు. పుట్టినరోజుకో, పెళ్లికో, చిన్నపిల్లకు బహుమతిగా ఇంకో చిన్నపిల్ల. ఆ దొరల పిల్ల పెరుగుతూ పెరుగుతూనే పని చెప్పడం, శిక్షించడం, ఎవరు ఎంత ధర పలుకుతారో చూసుకోవడం నేర్చేది. పెళ్లయ్యాక కూడా "వీళ్లు నావాళ్లు, నా పుట్టింటి నుంచి వచ్చినవాళ్లు" అని మొగుడితోనూ, మొగుడికి అప్పిచ్చినవాళ్లతోనూ కోర్టులో పోట్లాడేది. సంతకు వెళ్లి బేరమాడిన దొరసానులు ఉన్నారు. బాలింతలైన బానిస స్త్రీలను పాలదాదులుగా అద్దెకు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చినవాళ్లున్నారు.

నన్ను అన్నిటికంటే కుదిపింది ఈ ఆధారాలు దొరికిన చోటు. దొరసానుల డైరీలు, ఉత్తరాలు తిరగేసిన పాత చరిత్రకారులకు సరిగా ఆననిది, 1930లలో పండు ముసలివాళ్లయిన మాజీ బానిసలు చెప్పిన మాటల్లో దొరికింది. మీరు ఎవరి సొత్తుగా ఉండేవారని అడిగితే చాలామంది ఆడమనిషి పేరు చెప్పారు. ఆ కాగితాలు ఎనభై ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. చదివినవాళ్లు ఉన్నారు, పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇలాంటివి చదివినవాళ్లు ఎవరైనా ఉంటే మాట్లాడుకుందాం.

#2 తీరికలేనివాడు

చిన్న సందేహం. అప్పటి ఇంగ్లీషు చట్టంలో పెళ్లయిన ఆడదానికి సొంత ఆస్తే లేదంటారు కదా? మరి కోర్టుకి ఎలా ఎక్కింది?

#3 వాదిప్రతివాది

మీరన్నది నిజమే, కాని సగమే. దాన్ని కవర్చర్ అంటారు. పెళ్లితో భార్య హక్కులన్నీ భర్త నీడలో కలిసిపోతాయి. అయితే చట్టం ఉన్నచోట దానికి పక్కదారి కూడా ఉంటుంది. ఈక్విటీ కోర్టులనే వేరే కోర్టులు ఉండేవి. తండ్రి వీలునామాలోనో, పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందంలోనో "ఇది నా కూతురి ప్రత్యేక ఆస్తి, అల్లుడికి సంబంధం లేదు" అని రాస్తే ఆ కోర్టులు దాన్ని నిలబెట్టేవి. మన స్త్రీధనం లాంటిదే అనుకోండి. ఆ ధనం ఇక్కడ మనుషులు, అంతే తేడా.

1839లో మిసిసిపీ రాష్ట్రం పెళ్లయిన స్త్రీల ఆస్తి మీద చట్టం చేసింది. స్త్రీల హక్కుల చరిత్ర రాసేవాళ్లు దాన్ని తొలి అడుగుల్లో ఒకటిగా గొప్పగా చెబుతారు. తెరిచి చదివితే అందులో ఎక్కువ భాగం బానిసల గురించే. అల్లుడు అప్పుల్లో మునిగితే కూతురి బానిసలు వేలానికి పోకూడదన్నదే అసలు బెంగ. ఒకరికి హక్కు అయినది ఇంకొకరికి గొలుసు అయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. "స్త్రీ" అనే మాటకు కోర్టులో ఒకటే అర్థం ఉండేది కాదు. 1855లో మిసోరీలో సీలియా అనే అమ్మాయి కేసు. 1850లో న్యూసమ్ అనే రైతు ఆమెను కొన్నాడు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు ఉంటాయేమో. అయిదేళ్లు బలాత్కారం చేశాడు. చివరికి ఆమె అతన్ని కర్రతో కొట్టి చంపింది. ఏ స్త్రీనైనా బలవంతంగా చెరచబోవడం నేరమని మిసోరీ చట్టంలో ఉంది. ఆ "ఏ స్త్రీనైనా" అన్న మాటలో సీలియా కూడా ఉన్నట్టే కదా అని ఆమె లాయర్లు వాదించారు. జడ్జి ఆ సంగతి జ్యూరీకి చెప్పడానికే ఒప్పుకోలేదు. ఆ డిసెంబర్‌లోనే ఉరి తీశారు.

#4 నల్లపూస

మీరిద్దరూ దొరసాని గదిలోంచి బయటికి రావట్లేదు. బానిసల కుటుంబం వైపు నుంచి చూస్తే కథ 1662 నుంచి మొదలవుతుంది.

అంతకుముందు వర్జీనియాలో ఎలిజబెత్ కీ అనే ఆమె ఉండేది. తల్లి ఆఫ్రికా స్త్రీ, తండ్రి ఇంగ్లీషువాడు. "నా తండ్రి స్వేచ్ఛాజీవి, నేను బాప్తిస్మం పొందినదాన్ని, నన్ను కొన్నేళ్ల గడువుకే పనికి పెట్టారు, ఆ గడువు దాటిపోయింది" అని దావా వేసి 1656లో గెలిచింది. వాదించిన లాయరునే పెళ్లి చేసుకుంది కూడా. ఇంగ్లీషు సంప్రదాయంలో బిడ్డ తండ్రి హోదానే పొందుతుంది కాబట్టి ఆ వాదన నిలబడింది.

ఆ తలుపు మూయడానికి ఎన్నో ఏళ్లు పట్టలేదు. 1662లో వర్జీనియా శాసనసభ చట్టం చేసింది. బిడ్డ స్వేచ్ఛాజీవా, బానిసా అన్నది ఇకపై తల్లిని బట్టి. దాని అర్థం ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. దొర తన బానిస స్త్రీతో బిడ్డను కంటే, ఆ బిడ్డ దొరకు కొడుకు కాడు, పెరిగిన ఆస్తి అవుతాడు. తప్పు చేసినవాడికే లాభం. ఆ ఆడమనిషి కడుపు మొత్తం ఒక ఖాతా అయిపోయింది. 1808 తర్వాత బయటి దేశాల నుంచి బానిసల్ని దిగుమతి చేయడం చట్టవిరుద్ధమయ్యాక ఆ ఖాతా విలువ ఇంకా పెరిగింది.

దీనికి ముందే 1643లో ఇంకో చిన్న చట్టం ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. ఆఫ్రికా స్త్రీల మీద తలపన్ను వేశారు. ఇంగ్లీషు ఆడవాళ్లకు ఆ పన్ను లేదు. వాళ్లు "ఇల్లాళ్లు", వీళ్లు "కూలీలు". జెన్నిఫర్ మోర్గన్ లాంటి చరిత్రకారులు జాతి భేదం ఎలా తయారైందో చెప్పేటప్పుడు ఆడవాళ్ల పని, ఆడవాళ్ల కాన్పులు మధ్యలోకి తెచ్చింది ఇందుకే.

#5 ఎర్రమట్టి

కాస్త అడ్డం పడతాను, ఏమీ అనుకోకండి.

కాగితంపురుగు గారు అంత మురిసిపోయిన ఆ 1930ల ఇంటర్వ్యూలను నేను అంత తేలిగ్గా నమ్మను. ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ అనే ప్రభుత్వ పథకం 1936 నుంచి 1938 వరకు రెండువేల మూడువందలకు పైగా మనుషుల్ని కలిసి రాసుకున్నది. బానిసత్వం పోయింది 1865లో. అంటే మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది అప్పటికి పసిపిల్లలు. డెబ్బై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం. అడిగింది ఎక్కువగా తెల్లవాళ్లు, రాసిందీ వాళ్లే, భాషను వాళ్లకు తోచినట్టు వంకర తిప్పిందీ వాళ్లే. అది ఘోరమైన ఆర్థిక మాంద్యం రోజులు. ఎదురుగా కూర్చున్నది ప్రభుత్వ మనిషి, పింఛను ఇప్పిస్తాడేమో అన్న ఆశ. అలాంటప్పుడు ఏ ముసలమ్మ నోరు విప్పి నిజం చెబుతుంది?

దానికంటే అమ్మకం రసీదు, వీలునామా, కోర్టు రికార్డు నయం. అవి అబద్ధమాడవు.

#6 పాతసంచిక

అవి అబద్ధమాడవా! రసీదు కూడా అమ్మేవాడి మాటే కదా సార్. "ఆరోగ్యవంతురాలు, చెప్పినమాట వింటుంది" అని రాసిన రసీదులు ఎన్ని!

కాని మీ అనుమానంలో బలం ఉంది, దానికి చక్కని ఉదాహరణ కూడా ఉంది. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో ఒకే ముసలావిడను రెండుసార్లు ఇంటర్వ్యూ చేశారు. ఒకసారి వచ్చింది తెల్ల స్త్రీ. ముసలావిడ ఆమెను సంక్షేమ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి అనుకుంది. దొర మంచివాడు, బాగా చూసుకున్నాడు అని చెప్పింది. ఇంకోసారి వెళ్లింది నల్లజాతి యువకుడు. ఆ మనిషితో అదే నోటితో కొరడా దెబ్బల గురించి, మొగుడిని ఒకచోటికి, పెళ్లాన్ని ఒకచోటికి అమ్మేస్తే ఏడ్చిన ఏడుపుల గురించి చెప్పింది. ఒక కాగితంలో ఇంటిపేరు హామ్లిన్, ఇంకోదాంట్లో హామిల్టన్. అందుకే చాలాకాలం ఇద్దరు మనుషులన్నట్టు పడి ఉన్నాయి.

నాకు దీన్నుంచి అర్థమైంది మీకు అర్థమైనదానికి తిరగబడి ఉంది. అబద్ధం చెప్పేది మెత్తటి వైపుకే. తెల్లవాళ్ల ముందు కూర్చుని కూడా "మా దొరసాని మమ్మల్ని అమ్మింది" అని ఒక మనిషి చెప్పిందంటే, ఆ మాటను ఇంకాస్త ఎక్కువ నమ్మాలి.

#7 ఎర్రమట్టి

ఆ చివరి వాక్యం ఆలోచించాల్సిందే. పూర్తిగా లొంగను గాని, ఒక మెట్టు దిగాను.

#8 తీరికలేనివాడు

ఎర్రమట్టి గారు మెట్టు దిగారు! ఈ పేజీని దాచుకోవాలి.

#9 మిణుగురు

వర్జీనియాలో ఉంటున్నాను కాబట్టి ఒక సంగతి. రెండేళ్ల కింద మాంటిచెల్లో వెళ్లాం, దేశాధ్యక్షుడిగా చేసిన జెఫర్సన్ ఇల్లు. పిల్లలకు స్కూల్ ప్రాజెక్ట్ ఉంటే నేనే డ్రైవర్‌ని. అక్కడ శాలీ హెమింగ్స్ గురించి 2018 నుంచి ప్రత్యేకంగా ఒక ప్రదర్శన పెట్టారు. ఆమె ఎవరో తెలియనివాళ్లకు: జెఫర్సన్ సొత్తుగా ఉన్న స్త్రీ, అతని భార్య మార్తాకు సవతి చెల్లెలు. మార్తా తండ్రికీ, బానిసగా ఉన్న ఎలిజబెత్ హెమింగ్స్‌కీ పుట్టింది. అంటే మార్తా పెళ్లితో, తర్వాత తండ్రి పోవడంతో, సొంత చెల్లెలు ఆస్తిగా ఆ ఇంటికి వచ్చింది. కుటుంబం అనే మాట ఇక్కడ ఎటు పట్టుకున్నా జారిపోతుంది.

శాలీ కొడుకు మాడిసన్ 1873లో ఒహాయో పత్రికకు తన కథ చెప్పాడు. జెఫర్సన్ మా తండ్రి అని సూటిగా చెప్పాడు. నూరేళ్లకు పైగా జెఫర్సన్ జీవితచరిత్రలు రాసిన పెద్దలు ఆ మాటను పక్కన పడేశారు. జెఫర్సన్ మనవలు తెల్లవాళ్లు, వాళ్లు కాదన్నారు, కాబట్టి కాదు. 1997లో ఆనెట్ గార్డన్-రీడ్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ లాయరు పద్ధతిలో ఇద్దరి సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి, ఎవరి మాటను ఏ కారణంతో కొట్టేశారో చూపించింది. మరుసటి ఏడు డీఎన్ఏ పరీక్ష ఆమె వాదనకు బలమిచ్చింది. 2000లో మాంటిచెల్లోను నడిపే సంస్థే ఒప్పుకుంది.

ఎర్రమట్టి గారూ, రసీదులు, రికార్డులే నయమని మీరు ఇందాక అన్నదానికి నా జవాబు ఇదే. నల్లవాళ్ల మాటకు డీఎన్ఏ తోడు రావాలి, తెల్లవాళ్ల మాటకు సంతకం చాలు.

#10 వాదిప్రతివాది

దానికి ఒక చట్టపు తోక. అప్పటి వర్జీనియా చట్టం ప్రకారం పూర్వీకుల్లో నల్లజాతి వాటా పావు కంటే తక్కువ ఉంటే ఆ మనిషి తెల్లవాడి కింద లెక్క. శాలీ పిల్లలది ఎనిమిదో వంతు. చట్టం దృష్టిలో తెల్లవాళ్లు, అయినా బానిసలు. ఎందుకంటే నల్లపూస గారు చెప్పిన 1662 నాటి తల్లి సూత్రం.

#11 నల్లపూస

చెప్పిన మాట ఎవరూ నమ్మకపోవడంలో హ్యారియెట్ జాకబ్స్ అనే బానిస స్త్రీదీ అదే కథ. ఉత్తర కరోలినాలోని ఈడెన్టన్‌లో, యజమాని వేధింపులు తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి అటకలో దాదాపు ఏడేళ్లు దాక్కుంది. నిటారుగా నిలబడే చోటు కూడా లేదు. కింద ఆడుకునే పిల్లల్ని చెక్కల మధ్య కన్నంలోంచి చూస్తూ గడిపింది. తర్వాత ఉత్తరానికి పారిపోయి 1861లో మారుపేరుతో తన కథ అచ్చు వేసుకుంది. చరిత్రకారులు దాన్ని కల్పన అన్నారు, ఎడిటింగ్ చేసిన తెల్ల రచయిత్రే రాసి ఉంటుందన్నారు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలు, రికార్డులు తవ్వి 1980లలో ఒక్కొక్క మనిషినీ, ఒక్కొక్క ఇంటినీ నిరూపించేదాకా ఆమెది చరిత్రలో లెక్కకు రాలేదు.

ఒక మనిషి ఏడేళ్లు అటకలో ఉందంటే నమ్మబుద్ధి కాకపోవడం నాకు అర్థమవుతుంది. ఆమె ఇంత బాగా రాయగలదంటే నమ్మకపోవడమే అర్థం కాదు.

#12 ఎర్రమట్టి

సరే, ఇంకో వైపు నుంచి వస్తాను. మీరంతా అమ్మకాలు, అత్యాచారాలు, విడిపోవడాలు అంటున్నారు. మరి 1965లో నల్లజాతి కుటుంబాల మీద మోయ్‌నిహన్ అనే ప్రభుత్వాధికారి రాసిన రిపోర్ట్ చెప్పిందీ ఇదే కదా? బానిసత్వం నల్లజాతి కుటుంబాన్ని చితక్కొట్టింది, తండ్రి లేని ఇల్లు మిగిలింది, ఇప్పటి సమస్యలకు మూలం అదే అని. అప్పుడు దాన్ని ఎందుకు తిట్టారు?

#13 పాతసంచిక

మంచి ప్రశ్న, దీనికి ఒక తరం చరిత్రకారులు జవాబు వెతికారు. హెర్బర్ట్ గట్‌మన్ 1976లో వేసిన పెద్ద గ్రంథం ఆ రిపోర్ట్ మీద కోపంతో మొదలైందే. బానిసలతో సాగుచేయించే పెద్ద తోటల (ప్లాంటేషన్ల) జనన రిజిస్టర్లు తీసుకుని ఎవరు ఎవరి బిడ్డ, ఏ పేరు పెట్టారు అని తరాల తరబడి కూర్చాడు. వాళ్ల పెళ్లిళ్లకు చట్టంలో విలువ లేకపోయినా, అమ్మకాలు విడదీయనిచోట దంపతులు పదేళ్లు, ఇరవయ్యేళ్లు కలిసే ఉన్నారు. నాకు బాగా నచ్చింది పేర్ల సంగతి. కొడుకులకు తండ్రి పేరు పెట్టడం తరచుగా కనిపించింది, కూతుళ్లకు తల్లి పేరు పెట్టడం అరుదు. తల్లి ఎలాగూ పక్కనే ఉంటుంది. అమ్ముడుపోయేదో, ఇంకో తోటలో ఉండేదో తండ్రి. అందుకని పేరునైనా ఇంట్లో ఉంచుకున్నారు. తండ్రి అక్కర్లేని ఇళ్లు అలా చేస్తాయా?

ఇంకో తోటలో ఉండే భర్తతో పెళ్లిని "అబ్రాడ్ మ్యారేజ్" అనేవారు. విదేశం కాదు, పక్క తోటే. శనివారం రాత్రి దొర ఇచ్చిన పాస్ పట్టుకుని మైళ్లు నడిచి వచ్చి, ఆదివారం గడిపి తిరిగి వెళ్లడం.

అయితే గట్‌మన్‌తో కూడా చిక్కుంది. "చూడండి, వాళ్లకూ అమ్మ, నాన్న, పిల్లల కుటుంబమే" అని నిరూపించే ఆత్రంలో, అలా లేనిదంతా లోటన్న లెక్కను తానూ ఒప్పేసుకున్నాడు. 1985లో డెబొరా గ్రే వైట్ ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది. కాన్పులు చేసే మంత్రసానులు, పిల్లల్ని చూసుకునే ముసలమ్మలు, కలిసి బట్టలుతికే గుంపులు, వీళ్లే చాలాచోట్ల అసలు ఆధారమని చెప్పింది. బ్రెండా స్టీవెన్సన్ వర్జీనియాలోని లౌడన్ కౌంటీని పట్టుకుని, అక్కడ కుటుంబాలు రకరకాలుగా ఉన్నాయంది. తోట పెద్దదా, చిన్నదా, అమ్మకాలు ఎక్కువున్న ప్రాంతమా అన్నదాన్ని బట్టి ఇల్లు మారిపోయేది.

#14 ఎర్రమట్టి

అంటే చితికిందని అనకూడదు, నిలిచిందనీ అనకూడదు. చరిత్రకారులకు భలే సుఖం.

#15 నల్లపూస

చితక్కొట్టడం దొర పని. నిలబెట్టుకోవడం వాళ్ల పని. రెండూ ఒకేసారి జరిగాయి. ఇందులో మీకు అర్థం కానిది ఏముంది?

#16 నిర్వాహకుడు

గొంతులు పెరుగుతున్నాయి. విషయం మీదే ఉండండి. ఎర్రమట్టి గారి ప్రశ్నల వల్లే మంచి జవాబులు వచ్చాయని నా అభిప్రాయం.

#17 వాదిప్రతివాది

నిలవడం, చితకడం రెండూ ఒకే కాగితంలో కనిపించాలంటే జార్జ్ వాషింగ్టన్ వీలునామా చూడండి. 1799లో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు. అందులో 123 మంది వాషింగ్టన్ సొంతం. 153 మంది భార్య మార్తా మొదటి భర్త కస్టిస్ ఎస్టేట్‌కు చెందినవాళ్లు, మార్తాకు వాళ్ల మీద బతికున్నంతకాలం హక్కు. మిగతా కొద్దిమంది అద్దెకు తెచ్చినవాళ్లు. వాషింగ్టన్ తన 123 మందికి స్వేచ్ఛ ఇవ్వాలని రాశాడు. ఆ 153 మందిని విడిపించే హక్కు ఆయనకు లేదు, మార్తాకూ లేదు. మధ్యలో ఈ రెండు గుంపుల మధ్య పెళ్లిళ్లు అయిపోయి ఉన్నాయి. 1801 మొదటి రోజున తండ్రి స్వేచ్ఛాజీవి అయితే తల్లి, పిల్లలు బానిసలుగానే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. తర్వాత వాళ్లను మార్తా మనవలు పంచుకున్నారు.

వాళ్లలోనే ఓనా జడ్జ్ కూడా. మార్తా తనను మనవరాలికి కానుకగా ఇవ్వబోతోందని తెలిసి 1796లో ఫిలడెల్ఫియాలోని అధ్యక్షుడి ఇంటి నుంచి, ఇంట్లోవాళ్లు భోజనం చేస్తుండగా నడిచి వెళ్లిపోయింది. న్యూ హాంప్‌షైర్ చేరి పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది. చట్టం ప్రకారం ఆ పిల్లలు కూడా కస్టిస్ వారసుల సొత్తే. మొదటి పోస్టులో అన్న "కూతుళ్లకు మనుషుల్ని ఇవ్వడం" దేశాధ్యక్షుడి ఇంట్లోనే చూడొచ్చు.

#18 మిణుగురు

1790 నుంచి 1860 దాకా పై రాష్ట్రాల నుంచి కింది పత్తి రాష్ట్రాలకు పది లక్షల మందిని తరలించారని చదివాను. అంతమందిలో ఎవరు ఎవరిని మళ్లీ కలుసుకుని ఉంటారు?

#19 పాతసంచిక

కలుసుకోవడానికి ప్రయత్నించారు. అంతర్యుద్ధం అయ్యాక నల్లజాతి పత్రికల్లో, చర్చి పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే క్రిస్టియన్ రికార్డర్, న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చే సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్ లాంటివాటిలో. ఆ రెండోదాంట్లో "తప్పిపోయిన ఆప్తులు" అనే అర్థమొచ్చే శీర్షిక కిందే వేసేవారు. పాస్టర్లు వాటిని సభలో చదివి వినిపించాలని పత్రికే కోరేది, చదువు రానివాళ్లు వింటారని. విల్లనోవా విశ్వవిద్యాలయంవాళ్లు వేలకొద్దీ ప్రకటనల్ని ఏరి ఇంటర్నెట్‌లో పెట్టారు.

ఆ ప్రకటనల వరస గమనించండి. అమ్మ పేరు, అన్నదమ్ముల పేర్లు, ఆ వెంటనే ఎవరి సొత్తుగా ఉన్నాం, ఎవరికి అమ్మారు, ఏ ఊరికి తోలారు. అమ్మను వెతకాలంటే అమ్మినవాళ్ల పేరు గుర్తుండాలి. ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంది. కాగితంపురుగు గారి పుస్తకంలో ముసలివాళ్లు దొరసాని పేరు అంత కచ్చితంగా ఎందుకు చెప్పారో నాకు ఇవి చదివాకే తెలిసింది.

#20 ఎర్రమట్టి

ఇది నాకు తట్టలేదు. జ్ఞాపకం మీద నేను పెట్టిన అభ్యంతరానికి ఇది గట్టి జవాబే. ఎవరి సొత్తో తెలియకపోతే సొంత తల్లి దొరకదు, ఇక మరిచిపోవడం ఎలా కుదురుతుంది.

#21 తీరికలేనివాడు

కాగితంపురుగు గారూ, ఎక్కడున్నారు? నిప్పు పెట్టి వెళ్లిపోయారు.

#22 కాగితంపురుగు

ఇక్కడే ఉన్నాను, చదువుతూ. పాతసంచిక గారి పోస్ట్ చూశాక 1860 జనాభా లెక్కల్లో బానిసల జాబితా పేజీలు ఇంటర్నెట్‌లో తెరిచాను. ఆ ఏడాది దేశంలో బానిసలు 39 లక్షల 50 వేల పైచిలుకు. వాళ్లకు వేరే ఫారం. ఎడమవైపు యజమాని పేరు. దాని కింద వయసు, ఆడా మగా, రంగు. పేరు రాసే గడి లేదు.

మూడు పేజీలు తిప్పేసరికే యజమాని గడిలో ఆడపేర్లు కనిపించాయి. వెతకనక్కర్లేదు, గుండ్రటి చేతిరాతలో పెద్దగా రాసి ఉన్నాయి. ఒకావిడ పేరు కింద ఇరవై రెండేళ్ల స్త్రీ, తర్వాత నాలుగేళ్ల ఆడపిల్ల, తర్వాత ఏడాది మగపిల్లవాడు. తల్లీపిల్లలు అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. ఫారంలో ఆ సంగతి రాసే గడి కూడా లేదు.

#23 మిణుగురు

ఆవిడ పేరు ఏమిటి?

#24 కాగితంపురుగు

దొరసానిదా? అది ఉంది. రాయబుద్ధి కాలేదు.